తెర మీది వాలు, భూమిలోని వాలు: సీస్మిక్ బొమ్మ ఎక్కడెక్కడ సాగుతుంది?

ఒక మనిషి ఫొటోని పక్కకి లాగి సాగదీస్తే చూసిన వెంటనే పట్టేస్తాం. ముఖం ఎలా ఉండాలో కంటికి ముందే తెలుసు. సీస్మిక్ సెక్షన్ అంటే నేల మీద నుంచి పంపిన కంపనాల ప్రతిధ్వనులతో గీసిన భూగర్భపు నిలువుకోత బొమ్మ. దాని విషయంలో ఆ వెసులుబాటు లేదు. మూడు కిలోమీటర్ల లోతున పొరలు ఎలా ఒంగి ఉన్నాయో ఎవరూ కళ్లారా చూడలేదు. బొమ్మని నిలువుగా రెండింతలు లాగినా, సగానికి నొక్కినా, అదీ నమ్మదగ్గ భూమిలాగే కనిపిస్తుంది. అందుకే ఈ బొమ్మలు చూపించే సాఫ్ట్‌వేర్లలో నిష్పత్తి చెడిపోతే చాలాకాలం ఎవరికీ అనుమానం రాదు. వచ్చిన రోజున మాత్రం వాదన మొదలవుతుంది. ఒకరు కొత్తగా కొన్న మానిటర్‌ని తిడతారు. ఇంకొకరు ఫైల్ హెడర్‌ని, అంటే డేటా కొలతలు రాసి ఉండే భాగాన్ని, అనుమానిస్తారు. అనుభవం ఉన్నవారు, బొమ్మలో నిలువుగా ఉన్నది లోతు కాదు కాలం కాబట్టి, "టైమ్ సెక్షన్ అంటే అంతే" అని తేల్చేస్తారు.

ముగ్గురూ కొంతవరకు కరెక్టే. చిక్కల్లా, వాళ్లు మూడు వేరు వేరు సంగతుల గురించి మాట్లాడుకుంటున్నారు. భూమిలో ఉన్న పొర మన కంటికి చేరేలోపు దాని నిష్పత్తి నాలుగు చోట్ల మారుతుంది. లోతు కాస్తా కాలంగా మారినప్పుడు ఒకసారి. ఆ కాలం ఫైల్‌లో ట్రేసులుగా (ఒక్కో చోటి రికార్డు), శాంపిల్స్‌గా (అందులోని ఒక్కో కొలత) కూర్చున్నప్పుడు ఒకసారి. వాటిని సాఫ్ట్‌వేర్ తన విండోలో పరిచినప్పుడు మరోసారి. ఆ విండోని ఆపరేటింగ్ సిస్టమ్, మానిటర్ కలిసి అద్దం మీదకి తెచ్చినప్పుడు ఇంకోసారి. చివరి మూడింటినీ సరిచేయొచ్చు. మొదటిది మాత్రం డిస్‌ప్లే సెట్టింగుల్లో ఏ బటన్ నొక్కినా పోదు. ఈ తేడా తెలియకపోతే మానిటర్ మార్చాల్సిన చోట లెక్కలోని తరంగ వేగాలు మారుస్తాం, వేగాలు చూడాల్సిన చోట డ్రైవర్లు అప్‌డేట్ చేస్తూ కూర్చుంటాం.

నిలువు గీత మీద మీటర్లు లేవు

నేల మీద కంపనం పుట్టిస్తే ఆ తరంగం కిందికి వెళ్లి, రాళ్ల గుణం మారే చోట తగిలి వెనక్కి వస్తుంది. రికార్డయ్యేది ఆ రానూపోనూ పట్టిన సమయం. కాబట్టి సెక్షన్‌లో అడ్డంగా ఉన్నది దూరం, మీటర్లలో. నిలువుగా ఉన్నది కాలం, మిల్లీసెకన్లలో. మీటరుకీ సెకనుకీ మధ్య నిష్పత్తి కట్టాలంటే వేగం తెలియాలి. ఆ వేగమేమో అన్ని లోతుల్లో ఒకటి కాదు. సముద్రపు నీటిలో సెకనుకు దాదాపు 1500 మీటర్లు, ఇంకా గట్టిపడని మెత్తటి పొరల్లో 2000 దరిదాపుల్లో, బాగా కుదించుకుపోయిన రాళ్లలో 4000, ఆ పైన.

కాగితం మీద సెక్షన్లు ముద్రించుకున్న రోజుల్లో బాగా వాడిన స్కేళ్లలో ఒకటి: నిలువుగా సెకనుకు 10 సెంటీమీటర్లు, అడ్డంగా 1:25,000. వేగం సెకనుకు 2500 మీటర్లు అనుకుంటే, రానూపోనూ ఒక సెకను అంటే 1250 మీటర్ల లోతు. ఆ 1250 మీటర్లు 10 సెంటీమీటర్లలో ఇమిడాయి కాబట్టి నిలువు స్కేలు 1:12,500 అయింది. అంటే బొమ్మ నిలువుగా రెండింతలు సాగింది. అదే కాగితం అడుగున వేగం 5000 ఉన్న చోట ఒక సెకను అంటే 2500 మీటర్లు. అక్కడ నిలువు స్కేలు కూడా 1:25,000, సాగుడు అసలు లేదు. పైన నీటి పొర దగ్గర చూస్తే సాగుడు 3.3 రెట్లు. ఒకే కాగితం మీద మూడు నిష్పత్తులు, అదీ అచ్చు తప్పు ఏమీ లేకుండా.

సాఫ్ట్‌వేర్‌లో "1:1" అని కనిపించే, అడ్డం నిలువు స్కేళ్లని సమానం చేసే బటన్ కూడా దీన్ని దాటలేదు. అది ఏదో ఒక వేగాన్ని తీసుకుని లెక్క కడుతుంది. ఆ వేగం ఎంతో సెట్టింగుల్లో ఎక్కడో ఒక మూల రాసి ఉంటుంది, చాలామంది అటు వెళ్లరు. సెక్షన్‌లో ఆ వేగం నిజంగా ఉన్న లోతు దగ్గర బొమ్మ సరిగ్గా ఉంటుంది, దానికి పైన సాగి, కింద నొక్కుకుని ఉంటుంది. టైమ్ సెక్షన్‌ని 1:1లో చూశానని ఎవరైనా అంటే నేను మొదట అడిగేది "ఏ వేగానికి?" అనే.

వేగం నిలువునా మారితే ఇలా. అడ్డంగా కూడా మారితే గొడవ ఇంకాస్త ముదురుతుంది. భూమి లోపల పైకి పొడుచుకొచ్చిన ఉప్పు దిబ్బ దీనికి పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కిన ఉదాహరణ. ఉప్పులో తరంగ వేగం సెకనుకు దాదాపు 4500 మీటర్లు. వెయ్యి మీటర్ల మందం ఉన్న ఉప్పుని దాటి వెనక్కి రావడానికి 0.44 సెకన్లు చాలు. పక్కనే 2500 వేగం ఉన్న పొరల్లో అదే మందానికి 0.8 సెకన్లు పడుతుంది. దాంతో ఉప్పు కింద ఉన్న సమతలమైన పొర కూడా బొమ్మలో 0.36 సెకన్లు పైకి లేచి, అక్కడో పెద్ద గుట్ట ఉన్నట్టు కనిపిస్తుంది. ఏ స్కేల్ మార్చినా ఆ గుట్ట చదును కాదు. వేగాల నమూనా కట్టి, సెక్షన్‌ని లోతులోకి మార్చుకోవాల్సిందే.

వాలుకి ఏమవుతుంది

నిలువుగా సాగినప్పుడు కోణాలు అదే లెక్కన పెరగవు. పెరిగేది కోణం తాలూకు టాన్ విలువ. కనిపించే వాలు టాన్ అంటే అసలు వాలు టాన్‌ని సాగుడుతో గుణించినది. ఈ ఒక్క వాక్యంలో చాలా మోసం దాగుంది. ఐదు రెట్ల సాగుడు తీసుకోండి. 5 డిగ్రీల నెమ్మదైన వాలు దాదాపు 24 డిగ్రీలు అవుతుంది, అంటే బాగా పెరిగినట్టు. 30 డిగ్రీలది 71 అవుతుంది. 60 డిగ్రీలది 83 దగ్గర ఆగిపోతుంది. అసలు భూమిలో చివరి రెండింటి మధ్య 30 డిగ్రీల తేడా ఉంది, తెర మీద మిగిలింది 12న్నర. చిన్న వాలుల మధ్య తేడాలు పెద్దవవుతాయి, పెద్ద వాలుల మధ్య తేడాలు చెరిగిపోతాయి. సముద్రం అడుగున ఖండం అంచు సగటున 4 డిగ్రీలు మాత్రమే వంగి ఉంటుంది. పది రెట్ల సాగుడులో అది 35 డిగ్రీల కొండచరియ. ఆ బొమ్మ చూసి పెరిగినవాళ్లకి ఖండం అంచు అంటే గోడలాగే గుర్తుండిపోతుంది.

వాలు కన్నా మందం ఇంకా మోసం చేస్తుంది. అంతటా వంద మీటర్ల మందం ఉన్న ఒక పొర ముడత పడి ఉందనుకుందాం. ముడత శిఖరం దగ్గర అది సమతలంగా ఉంది, పక్కన 30 డిగ్రీలు వాలి ఉంది. మూడు రెట్ల సాగుడులో శిఖరం దగ్గర మందం 300 మీటర్లంతగా కనిపిస్తుంది. పక్కన వాలు 60 డిగ్రీలుగా కనిపిస్తుంది, పొరకి అడ్డంగా కొలిస్తే మందం 173. అంటే పొర శిఖరం మీద లావుగా, పక్కల్లో పలచగా ఉన్నట్టు అనిపిస్తుంది. భూమిలో అలాంటి తేడా నిజంగా ఉంటే దానికి వేరే అర్థం ఉంది, దాని మీద ఒక కథ కూడా అల్లొచ్చు. ఇక్కడ ఉన్నది మాత్రం స్కేల్ తెచ్చిన తేడా.

ఇంకొకటి, నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది. ఫాల్ట్, అంటే రాళ్లు విరిగి జారిన పగులు, లోతుకి వెళ్లేకొద్దీ వాలు తగ్గి, చెంచాలా వంగి కనిపిస్తే దాన్ని లిస్ట్రిక్ ఫాల్ట్ అంటారు. ఇవి భూమిలో నిజంగానే ఉన్నాయి. కానీ తిన్నగా ఉన్న ఫాల్ట్ కూడా టైమ్ సెక్షన్‌లో వంగినట్టే పడుతుంది. 60 డిగ్రీల తిన్నటి ఫాల్ట్‌ని ఇందాకటి కాగితం స్కేల్ మీదే గీయండి. పైన వేగం 2000 ఉన్న చోట అది 77 డిగ్రీలుగా వస్తుంది, కింద 4000 ఉన్న చోట 65 డిగ్రీలుగా వస్తుంది. మధ్యలో మెల్లగా వంపు తిరుగుతుంది. ఆ వంపులో ఎంత ఫాల్ట్‌ది, ఎంత వేగానిది అనేది లోతులోకి మార్చకుండా చెప్పలేం.

ఫైల్ దగ్గర జరిగే గారడీ

ఇక సరిచేయగలిగిన వాటికి వద్దాం. సాఫ్ట్‌వేర్‌కి చేరేది నిజానికి ఒక అంకెల పట్టిక. నిలువు వరసలు ట్రేసులు, వాటిలో అంకెలు శాంపిల్స్. ఆరు సెకన్ల రికార్డింగ్, 4 మిల్లీసెకన్లకి ఒక శాంపిల్ అంటే ట్రేసుకి 1501 అంకెలు. ఈ పట్టికలో మీటర్లు ఉండవు, సెకన్లు ఉండవు. అవి హెడర్‌లో ఉంటాయి, ఉంటే.

సీస్మిక్ డేటా ఇచ్చిపుచ్చుకోవడానికి ఎక్కువగా వాడేది సెగ్-వై ఫార్మాట్. మొదటి ప్రమాణం 1975లో వచ్చింది, 2002లో, 2017లో సవరించారు. శాంపిల్స్ మధ్య విరామాన్ని ఇందులో మైక్రోసెకన్లలో రాస్తారు, కాబట్టి 4 మిల్లీసెకన్లు 4000 అవుతుంది. లోతులోకి మార్చిన డేటాని కూడా జనం ఇదే గడిలో సర్దేస్తుంటారు. 5 మీటర్లకి 5000 అని రాస్తే, చదివే సాఫ్ట్‌వేర్ దాన్ని 5 మిల్లీసెకన్లు అనుకుని లోతు సెక్షన్‌ని టైమ్ సెక్షన్‌గా చూపిస్తుంది. ఆ తర్వాత "1:1" నొక్కితే, ఇప్పటికే మీటర్లలో ఉన్న దాన్ని మళ్లీ వేగంతో గుణిస్తుంది. ట్రేస్ హెడర్‌లో 71, 72 బైట్లలో కోఆర్డినేట్ల స్కేలర్ ఉంటుంది. అక్కడ మైనస్ 100 అని ఉంటే వందతో భాగించమని అర్థం. దాన్ని పట్టించుకోని ప్రోగ్రామ్‌కి 12.5 మీటర్ల ట్రేస్ దూరం 1250 మీటర్లుగా కనిపిస్తుంది. ఇంత పెద్ద తప్పు ఒకరకంగా మంచిదే, వెంటనే బయటపడుతుంది. అడుగులు, మీటర్లు తారుమారైనప్పుడు వచ్చే మూడు రెట్ల తేడా అలా కాదు, అది ఎవరి కంటా పడకుండా ప్రాజెక్టు చివరిదాకా వచ్చేయగలదు.

1975 ప్రమాణంలో ప్రాసెస్ అయిన ట్రేసు కోఆర్డినేట్లకి నిర్ణీతమైన చోటు లేదు. 181 నుంచి 188 బైట్లు వాటికని 2002లో కేటాయించారు. ఆలోపు ఎవరికి తోచిన బైట్లలో వాళ్లు రాసుకున్నారు, పాత ఫైళ్లు ఇప్పటికీ అలాగే తిరుగుతున్నాయి. సాఫ్ట్‌వేర్‌కి దూరం దొరకకపోతే ట్రేసు నంబర్‌నే దూరంగా పెట్టేసుకుంటుంది, ఒక ట్రేసు అంటే ఒక గడి. త్రీడీ డేటాలో దీని దెబ్బ పైనుంచి చూసే స్లైస్‌లో తెలుస్తుంది. ఒక దిక్కున 12.5 మీటర్లు, ఇంకో దిక్కున 25 మీటర్లు ఉన్న గడుల్ని చదరాలుగా గీస్తే గుండ్రటి ఉప్పు దిబ్బ కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది, పాత నదీమార్గం వంపులు ఒక దిక్కుకి నొక్కుకుపోతాయి.

పైథాన్‌లో సొంతంగా గీసుకునేవాళ్లకి ఇదే కథ మరో రూపంలో ఎదురవుతుంది. బొమ్మలు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ లైబ్రరీలోని ఇమ్‌షో ఫంక్షన్, మనం ఏమీ చెప్పకపోతే ప్రతి గడినీ చదరంగా గీస్తుంది. 300 ట్రేసులు, 1501 శాంపిల్స్ ఉన్న సెక్షన్ సన్నటి పొడుగాటి పట్టీలా వస్తుంది. చిరాకొచ్చి యాస్పెక్ట్‌ని "ఆటో" చేస్తాం, బొమ్మ నిండుగా వస్తుంది, పని అయిపోయిందనుకుంటాం. అప్పటి నుంచి నిష్పత్తిని నిర్ణయించేది విండో సైజు. నిజానికి పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్లలో "ఫిట్ టు విండో" చేసేది కూడా ఇదే. పక్కన ఉన్న ప్యానెల్ మూసేస్తే ఫాల్ట్ వాలు తగ్గుతుంది, తెరిస్తే పెరుగుతుంది. డేటా తెరవగానే ఈ మోడ్‌లో పెట్టడం నా ఉద్దేశంలో మంచి డిజైన్ కాదు, కనీసం ఆ క్షణానికి సాగుడు ఎంతో మూలన ఒక అంకె చూపించాలి.

పిక్సెళ్ల దగ్గర

మానిటర్ స్కేలింగ్ మీద పడే నింద చాలావరకు అన్యాయం. విండోస్‌లో 100 శాతం అంటే అంగుళానికి 96 పిక్సెళ్లు అని లెక్క. 150 శాతం పెడితే అడ్డంగా, నిలువుగా రెండు వైపులా సమానంగా పెంచుతుంది. బొమ్మ పెద్దదవుతుంది గానీ వాలు మారదు. ఈ స్కేలింగ్ సంగతి తెలియని పాత ప్రోగ్రామ్ అయితే, దాన్ని సిస్టమ్ 96 లెక్కలోనే గీయనిచ్చి, తయారైన బొమ్మని పట్టుకుని పెద్దది చేస్తుంది. అందుకే ట్రేసుల్ని అలల్లా చూపే సన్నటి విగిల్ గీతలు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. లినక్స్‌లో తెర మీద విండోల్ని చూపించే ఎక్స్ సర్వర్ చాలాసార్లు మానిటర్ అసలు సైజు ఏదైనా 96 అనే చెబుతుంది. అంగుళానికి 163 పిక్సెళ్లుండే 27 అంగుళాల 4కే మానిటర్ మీద, సెకనుకు 10 సెంటీమీటర్లు అని అడిగితే స్కేలు పెట్టి కొలిచినప్పుడు 6 సెంటీమీటర్ల లోపే వస్తుంది. కొలత తప్పు, నిష్పత్తి మాత్రం ఒప్పే.

స్కేలింగ్ నిజంగా ఇబ్బంది పెట్టేది ఇంకోచోట. ఓపెన్‌జీఎల్ అనే గ్రాఫిక్స్ వ్యవస్థతో గీసే త్రీడీ విండోకి అసలు పిక్సెళ్ల సంఖ్య ఇవ్వాల్సిన చోట స్కేల్ చేసిన సంఖ్య ఇస్తే, 200 శాతం స్కేలింగ్‌లో బొమ్మ మొత్తం ఎడమ పక్క కింది పావు భాగంలోకి ముడుచుకుంటుంది. ఇది దాగేది కాదు. దాగేది మౌస్ తప్పు: బొమ్మ సరిగ్గా ఉంటుంది, క్లిక్ చేసిన చోటు మాత్రం వేరే లెక్కలో చదువుతుంది. రిఫ్లెక్టర్ (తరంగాన్ని వెనక్కి పంపే పొర సరిహద్దు) మీద పాయింట్ పెడితే పక్కన పడుతుంది. హొరైజన్ పికింగ్, అంటే ఒక పొర సరిహద్దు వెంట పాయింట్లు పెట్టుకుంటూ పోవడం, చేసేవాళ్లకి ఇంతకన్నా టెన్షన్ పెట్టేది లేదు.

వాలుని నిజంగా మార్చే హార్డ్‌వేర్ తప్పు పాతకాలపుదే. మానిటర్ సహజ రిజల్యూషన్ ఒకటి, పంపేది ఇంకొకటి. 1024×768 బొమ్మని 16:9 ప్రొజెక్టర్ తెర నిండా పరిస్తే అడ్డంగా 1.33 రెట్లు సాగుతుంది. మీటింగ్ గదిలో అందరూ చూసేది ఆ బొమ్మనే.

పిక్సెళ్ల కొరత వల్ల వచ్చే ఇంకో మాయ ఉంది, దాన్ని నిష్పత్తి సమస్యగా ఎవరూ గుర్తించరు. మూడు వేల ట్రేసుల్ని వెయ్యి పిక్సెళ్లలో చూపించాలంటే కొన్ని ప్రోగ్రాములు మూడింటిలో రెండు ట్రేసుల్ని వదిలేస్తాయి. 12.5 మీటర్ల దూరం 37.5 అయిపోతుంది. వేగం 2000 ఉన్న చోట 20 డిగ్రీల వాలుని మామూలుగా 110 హెర్ట్జ్ తరంగ ఫ్రీక్వెన్సీ దాకా సరిగ్గా చూడొచ్చు. ట్రేసులు వదిలేశాక 36 హెర్ట్జ్ దాటితే కన్ను ఒక శిఖరాన్ని పక్క ట్రేసులో తప్పు శిఖరంతో కలుపుతుంది, వాలు ఎదురు దిక్కుకి ఉన్నట్టు అనిపిస్తుంది. జూమ్ చేయగానే సర్దుకుంటుంది కాబట్టి గ్రాఫిక్స్ కార్డు లోపం అనుకుని వదిలేస్తారు.

సాగదీయకూడదా మరి?

సాగదీయాలి. వందల కిలోమీటర్ల పొడవున్న లైన్‌ని 1:1లో పెడితే సన్నటి రిబ్బన్ తప్ప ఏమీ కనిపించదు. అడ్డంగా బాగా నొక్కిన సెక్షన్‌లో కంటికి అందని అర డిగ్రీ వంపులు, నెమ్మదిగా పలచబడే పొరలు బయటపడతాయి. చూడటానికి సాగదీయండి, ఫాల్ట్ గీయడానికి, కోణాలు కొలవడానికి, ముడత ఆకారం తేల్చడానికి 1:1కి దగ్గరగా రండి. రెండూ పక్కపక్కన తెరిచి పెట్టుకునే వీలు ఇప్పుడు చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంది.

బొమ్మ బయటికి పంపేటప్పుడు "నిలువు సాగుడు 3" అని అక్షరాల్లో రాస్తే చాలదు. స్లైడ్‌లో ఎవరో పక్క అంచు పట్టుకుని లాగగానే ఆ అంకె అబద్ధం అవుతుంది. అడ్డంగా కిలోమీటరు గీత, నిలువుగా సెకను గీత, వాటి పక్కన ఫలానా వేగానికి 5, 10, 20, 45 డిగ్రీలు ఆ బొమ్మలో ఎలా కనిపిస్తాయో చూపే చిన్న గీతల కట్ట గీసి బొమ్మలోనే కలిపేయండి. బొమ్మని ఎవరు ఎంత లాగినా అవీ దానితో పాటే సాగుతాయి.

మీ దగ్గరున్న సాఫ్ట్‌వేర్ ఎక్కడ సాగదీస్తోందో తెలుసుకోవడానికి అసలు డేటా అక్కర్లేదు, ఒక కృత్రిమ ఫైల్ చాలు. వేగం అంతటా 2000, ట్రేసుల మధ్య 12.5 మీటర్లు, శాంపిల్ 4 మిల్లీసెకన్లు. ప్రతి 8 ట్రేసులకి 25 శాంపిల్స్ చొప్పున దిగే ఒకే ఒక రిఫ్లెక్టర్ పెట్టండి. వంద మీటర్లు పక్కకి వెళితే వంద మీటర్లు కిందికి, అంటే కచ్చితంగా 45 డిగ్రీలు. వేవ్‌లెట్ని, అంటే రిఫ్లెక్టర్ దగ్గర పెట్టే చిన్న అలని, 15 హెర్ట్జ్ దగ్గర ఉంచండి, ఎక్కువైతే పైన చెప్పిన ఎదురు వాలు మాయ ఇక్కడే మొదలవుతుంది. వేగం 2000 అని చెప్పి 1:1 నొక్కి, కోణమానిని తెర మీద పెట్టి కొలవండి. 45 వస్తే అన్నీ బాగున్నట్టే. 72 వస్తే గడుల్ని చదరాలుగా గీస్తోంది, ట్రేస్ దూరం దానికి అందలేదు. 27 దగ్గర వస్తే శాంపిల్ విరామాన్ని సగంగా చదివింది. 17 వస్తే వేగాన్ని అడుగుల్లో తీసుకుంది. 37 వస్తే ఫైల్ జోలికి వెళ్లకండి, ప్రొజెక్టర్ రిజల్యూషన్ మార్చండి. 45 వచ్చి, పాయింట్ పెట్టినప్పుడు మాత్రం పక్కకి పడుతుంటే అప్పుడు డిస్‌ప్లే స్కేలింగ్‌ని తిట్టొచ్చు.